ఉప్పు తిన్నవాడు

మోటారు వేసి పది నిమిషాలు వదిలేయమన్నాను.
రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు
పైపు సంగతే చెబుతాయి, బావి సంగతి చెప్పవు.
లింబాద్రి తలూపి స్విచ్ నొక్కాడు.
సువైక్‌లో ఏప్రిల్, పొద్దున్న ఏడు.
బావి మీది ఇనుప మూత అప్పుడే చురుక్కుమంటోంది.

సముద్రం ఇక్కడికి రెండు కిలోమీటర్లు.
కనపడదు, వినపడదు.
నేల కింద నుంచి వస్తోంది
చెప్పులు చేత పట్టుకుని నడిచే మనిషిలా.
ముందు నిమ్మచెట్లు పోయాయట, తర్వాత మామిడి.
ఖర్జూరాలు ఇంకా నిలబడే ఉన్నాయి,
ఆకుల కొసలు మాత్రం
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చొక్కా అంచుల్లా.

సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగాను.
"కడిగిన సీసనే మల్ల కడుగుడేంది సార్?"
కొత్త సీసాకీ తనదంటూ ఓ రుచి ఉంటుంది, అది పోవాలి అన్నాను.
"నాక్కూడ మూడేండ్లు పట్టింది" అని నవ్వాడు.

మీటరు ముంచితే అంకెలు కాసేపు తడబడి
మూడు వేల ఎనిమిది వందల దగ్గర ఆగాయి.
లీటరుకి అర చెంచా ఉప్పు.

ఖల్ఫాన్ నీడలో కుర్చీ వేసుకుని చెబుతున్నాడు:
ఇది వాళ్ల నాన్న తవ్వించిన బావి, ఎద్దు లాగితే నీళ్లు పైకొచ్చేవి.
కొండల నుంచి ఒంటెలతో దిగినవాళ్లు
పక్క బావులు దాటి మరీ ఇక్కడే ఆగేవారట.
తర్వాత మోటార్లు వచ్చాయి.
పక్కవాడు పది అడుగులు దించితే
ఈయన పదిహేను దించాడు.
అది మాత్రం మెల్లగా చెప్పాడు.

ఫారంలో ఒక గడి ఉంది, నీళ్లు దేనికని.
సాగుకా, పశువులకా, తాగడానికా.
"సాగుకి" అన్నాడు ఖల్ఫాన్. టిక్కు పెట్టాను.
దానికి పన్నెండు రియాళ్లు, తాగడానికైతే ముప్పై.

అప్పుడు లింబాద్రి టీ తెచ్చాడు.
గ్లాసు అంచున పాలు విరిగి తరకలు కట్టాయి.
ఏ నీళ్లు అన్నాను.
"గివే."
శుక్రవారం రెండు గ్యాలన్లు వస్తాయి,
ఎండాకాలం సోమవారం కూడా చూడవు.
"పప్పు ఉడకది సార్, గంటలకు గంటలు పెట్టినా.
సబ్బుకు నురుగ రాది. నాలుగేండ్ల సంది గిదే."

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలని మా అమ్మ అనేది.
అది తప్పు చేసినవాడి గురించి.
ఇతను ఏం తిన్నాడని?
ఇక్కడ నీళ్లు తాగినవాడే
ఉప్పు తింటున్నాడు.

టీ తాగాను. తాగకుండా ఎలా.

బండిలో మిగిలిన సీసా ఒకటి తెచ్చి,
మేకల ఎరువు కుప్పని ఓసారి చూసి,
నైట్రేట్ అని రాసి, పేరు గడిలో నా పేరే వేసుకున్నాను.
ల్యాబులో పనిచేసేవాళ్లకి సగం ధర.

యాభై దాటకూడదు. తొంభై ఒకటి వచ్చింది.

రిపోర్టు రెండు భాషల్లో అచ్చేస్తారు,
లింబాద్రికి రెండూ రావు.
కాగితం తిప్పి వెనక బాల్‌పెన్నుతో రాశాను:
తాగొద్దు. మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది.
ముందువైపు నా వచ్చీరాని అరబ్బీలో ఖల్ఫాన్‌కి చదివాను.
ఆయన గ్లాసు తెమ్మన్నాడు,
పైపు కింద పట్టి నోట్లో పోసుకుని
చాలాసేపు మింగలేదు.
మింగాక ఎవరికో ఫోన్ చేశాడు.
ట్యాంకరు అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది.

మళ్లీ అటువైపు పని పడలేదు.
జూన్‌లో ఒక రాత్రి లింబాద్రి గొంతు ఫోన్‌లో వచ్చింది,
పదకొండు సెకన్ల మెసేజి.
"సార్, పప్పు ఉడికింది. అర్ధగంటల."
రెండోసారి విన్నాను. మూడోసారి కూడా.
అతని మాట అయిపోయాక మిగిలిన సెకన్లలో
వెనకాల ఎక్కడో
మోటారు నడుస్తూనే ఉంది.